పాటకు బొమ్మ కట్టే పని

కర్నూలు పాతబస్తీలో ఒక శెట్టి గారి కొట్టు మిద్దె మీద కూర్చుని చాలా ఏళ్ళు నేను పాటలకు బొమ్మ కట్టాను. పాట ముందే రికార్డయి మా దగ్గరికి వచ్చేది. దానికి తగ్గ దృశ్యాలు తీయించి, కోసి, అతికించి, టీవీలో చూడదగ్గ వీడియోగా చేయడం నా పని. రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన వీసీడీల కాలం అది. బస్టాండు ముందర తోపుడు బండ్ల మీద దేవుళ్ళూ డాన్సర్లూ ఒకే వరసలో అమ్ముడయ్యేవాళ్ళు.

నా పేరు మస్తాన్. దూదేకుల ఇంట్లో పుట్టాను. మా నాయన పరుపులు కుట్టేవాడు. నేను శివుడి పాటలు, రాఘవేంద్రస్వామి పాటలు, దర్గా పాటలు, యేసు పాటలు, పొలం గట్ల సరసాల పాటలు అన్నీ ఒకే కంప్యూటర్ మీద కోశాను. ఆ కంప్యూటర్ దేనికీ అభ్యంతరం చెప్పలేదు. వేడెక్కి ఆగిపోయేది, అది కూడా అన్ని మతాలకూ సమానంగానే.

ఇప్పుడు మా వీధి పిల్లలు ఫోన్లోనే పాటలకు వీడియోలు చేస్తున్నారు. నా దగ్గరికి వచ్చి, "ఎట్ల చేయల్ల పెద్దాయనా?" అని అడుగుతారు. ఏ మీట నొక్కాలో వాళ్ళకు నాకన్నా బాగా తెలుసు. తెలియనివి కొన్ని ఉన్నాయి. అవి రాస్తున్నాను.

గోపురం, కడవ, గొర్రెలు

మా పనిలో ముఖ్యంగా మూడు రకాల పాటలు ఉండేవి. దేని మర్యాద దానిది.

భక్తి పాట అయితే కెమెరా గోపురం శిఖరం మీద మొదలై కిందికి దిగాలి. ఎందుకు దిగాలి, కింద నుంచి ఎక్కితే ఏం పోయింది అని నాకు చాలా రోజులు సందేహం. ఒక పాటకు ఎక్కించి చూశాను. చూసినవాళ్ళు, "గుడి బాగా కట్టినారప్పా" అన్నారు. అదే గోపురాన్ని పైనుంచి దించి చూపిస్తే మాట్లాడకుండా దండం పెట్టుకున్నారు. కింద నుంచి చూస్తే అది మనుషులు కట్టినది. పైనుంచి దిగితే ఎవరో మన దగ్గరికి వస్తున్నట్టు. అప్పటినుంచి నేను గోపురం ఎక్కలేదు.

ఇందులో కథ కూడా ఖాయమే. పల్లవిలో కష్టం, మొదటి చరణంలో ప్రయాణం, రెండో చరణంలో మొక్కు చెల్లించడం. మంత్రాలయం పాటల్లో పిల్లలు లేని దంపతులు బస్సు దిగుతారు, తుంగభద్రలో మునుగుతారు, ఆఖరికి ఉయ్యాల కనిపిస్తుంది. ఆ దంపతుల వేషానికి మా దగ్గర ఒక జంట ఉండేది. ఆరు వీడియోల్లో వేశారు. ఆరు సార్లూ కాన్పు సుఖంగా జరిగింది.

జానపదానికి కథ అక్కర్లేదు, కొట్లాట కావాలి. పిల్ల కడవ ఎత్తుకుని పోతుంటుంది, పిల్లోడు అడ్డం నిలబడతాడు, వెనక ఎనిమిది మంది ఒకే రంగు చీరల్లో ఎగురుతుంటారు. కెమెరా నడుము ఎత్తులో ఉంటుంది. ఎందుకు అక్కడే ఉండాలని ఎవరూ అడగరు. ఎందుకో అందరికీ తెలుసు. నేను కూడా ఉంచాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ పాటల్లో సగం ఆడవాళ్ళు కలుపు తీస్తూ మగవాళ్ళను ఎగతాళి చేయడానికి కట్టుకున్నవి. కెమెరాను మేం పెట్టిన చోటు వల్ల ఆ ఎగతాళి వాళ్ళ మీదికే తిరిగింది. మాట ఒక్కటి కూడా మారలేదు, పాట అర్థం మాత్రం తలకిందులైంది.

ఇక క్రైస్తవ పాటకు కొండ, సూర్యోదయం, చాచిన చేతులు, పచ్చిక, గొర్రెలు కావాలి. మే నెలలో కర్నూలు జిల్లాలో పచ్చిక అడిగితే వెతకడానికి కూడా ఎవరూ రారు. కర్నూలు నుంచి కడపకు పోయే కె.సి. కాలువ గట్టు వెంబడి ఓ పది గజాల పచ్చదనం దొరికేది. ఏ చర్చి సంఘం పాటైనా ఆ పది గజాల్లోనే తీసేవాళ్ళం. గొర్రెలకు కొరత లేదు గానీ మా సీమ గొర్రెలు ఎక్కువ నల్లవి. ఒక పాస్టరు గారు తెల్లవే కావాలని పట్టుబట్టారు. "మా గొర్రెలు పాపం చేయలేదు సామీ, పుట్టుకే అట్ల" అన్నాడు కాపరి. చివరికి సూర్యుడికి ఎదురుగా కెమెరా పెట్టి తీశాం. అట్లా తీస్తే ప్రపంచంలో ఏ గొర్రె అయినా ఒకటే రంగు.

శెట్టి గారి పరీక్ష

మా శెట్టి గారు స్టీలు సామాన్ల కొట్టు నుంచి క్యాసెట్లకూ, క్యాసెట్ల నుంచి వీసీడీలకూ వచ్చిన మనిషి. సంగీతం అంటే ప్రేమ లేదు, ద్వేషమూ లేదు. వీడియో పూర్తి చేసి చూపిస్తే మొదట, "ఏమప్పా మస్తానూ, సౌండ్ తియ్యి" అనేవాడు. మూగ బొమ్మ నడుస్తుండగా పది అంకెలు లెక్కపెట్టేవాడు. పది లోపల అది ఏ దేవుడి పాటో, ఏడుపు పాటో సరసం పాటో తెలిస్తే సరే. తెలియకపోతే మళ్ళీ కోయాల్సిందే.

"హోటల్లో టీవీ ఉంటాది. గలాటాలో ఎవురికీ వినపడదు. వినపడకున్నా సీడీ అమ్ముడుపోవల్ల" అని ఆయన లెక్క.

నేను మొదట నవ్వుకున్నాను. తర్వాత ఆ పరీక్షే నాకు బడి అయింది. అట్లా సౌండ్ తీసి చూడటం వల్లనే షాట్ పొడవు, మనిషి ఎటు నడవాలి, మొహం ఎప్పుడు దగ్గరగా చూపించాలి అన్నీ తెలిశాయి. మీరు కూడా ఫోన్ గొంతు నొక్కి మీ వీడియో చూసుకోండి. పదింటిలో తొమ్మిది సార్లు శెట్టి గారే కరెక్టు. పదోసారి ఏమైందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మెట్లు కోసెయ్యమన్నారు

దానికన్నా ముందు ఒక చిన్న తప్పు చెబుతాను. పెద్ద తప్పులకు అలవాటు పడేది చిన్నవాటితోనే.

ఒక సంఘం వాళ్ళ పాటలో జీవజలం అనే మాట ఉంది. తేట నీళ్ళు చూపించాలి. తుంగభద్రలో అప్పుడు ఇసుక తప్ప ఏమీ లేదు. నా దగ్గర పాత శివుడి పాటకు తీసిన మహానంది కోనేటి నీళ్ళున్నాయి. అడుగున రూపాయి బిళ్ళ పడినా కనిపించేంత తేటగా ఉంటాయి. నీళ్ళు నీళ్ళే కదా అని మూడు షాట్లు వేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ వేసి చూపించారు. రెండో వరసలో కూర్చున్న ఒకామె, "ఇవి మహానంది మెట్లు గదప్పా" అంది. ఇంకో ముగ్గురు అవునవునన్నారు. మొక్కుకో, చూడటానికో, చుట్టాలతోనో అందరూ ఒకసారి పోయి వచ్చిన చోటే మరి. నేను గోడ పక్కకు జరిగాను. పాస్టరు గారు నా వైపు తిరిగి, "నీళ్ళు దేవుడిచ్చినవే. మెట్లు మాత్రం కోసెయ్యప్పా" అన్నారు.

మన చూపరులకు ఊరూరూ తెలుసు, రాయీ రప్పా తెలుసు. పాట వినకపోయినా పాట వెనక ఉన్నది చూస్తారు. ఆ రోజు మెట్లు కోసేశాను, పని చక్కబడింది. కోస్తే ఏదైనా చక్కబడుతుందని ఒక ధైర్యం కూడా వచ్చింది.

సువార్తమ్మ

పడమటి వైపు చిన్నకొట్టాల అనే ఊరి నుంచి ఒక పాస్టరు గారు ఒకామెను వెంటబెట్టుకుని వచ్చారు. పేరు సువార్తమ్మ. యాభై దాటిన మనిషి, చెనిక్కాయ, అంటే వేరుశెనగ, చేలలో కూలి. చదువు లేదు. పాటలు కడుతుంది. వాళ్ళ సంఘం వాళ్ళు ఆమె కట్టిన ఒక పాటను వీసీడీ చేయించాలని చందాలు వేసుకున్నారు.

మిద్దె మీద నేల మీదే కూర్చుని పాడింది.

"ఎండపొద్దు బాయి కాడ ఎవురి కోసం కూచుంటివి దేవా,
నా కోసమేనంటే నమ్మలేకపోతిని."

మిట్టమధ్యాహ్నం బావి దగ్గర యేసు ఒక ఆడమనిషితో మాట్లాడటానికి కూర్చున్న బైబిలు కథ అది. ఆ గొంతులో సొగసు లేదు. వింటుంటే మాత్రం పని చేసే చెయ్యి ఆగిపోతుంది. కింద కొట్లో గిన్నెలు సర్దుతున్న మనిషి కూడా సర్దడం ఆపాడు.

పాస్టరు గారు శెట్టి గారితో మాట్లాడటానికి కిందికి దిగాక ఆమె నాతో అంది. "నాకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయినారు నాయనా. మా ఆయన గూడా పోయినాడు. ఈ పాట ఒక్కటే ఉండాది. నేను పోయినాంక గూడా ఇది చిన్నకొట్టాల సువార్తమ్మ పాట అనుకోవల్ల. సీడీలో ఉంటే పోదంట గదా?"

"పోదమ్మా" అన్నాను.

పాట రికార్డు చేయించాక, బొమ్మకు మొదట ఆమెనే తీశాం. పొద్దున్నే వాళ్ళ ఊరు పోయాం. వాకిట్లో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తూ పాడింది. మా కెమెరామన్ మొహం దగ్గరికి పోయి, కళ్ళల్లో నీళ్ళు వస్తాయేమోనని రెండు సార్లు ఆగి చూశాడు. రాలేదు. కొంచెం ఏడవమని అడిగాడు.

"పాడేటప్పుడు ఏడిస్తే పాట యాడ సాగుతాది నాయనా? ఏడ్చేది అయిపోయినాంకనే గదా పాట కట్టింది" అంది ఆమె, ఒలవడం ఆపకుండా.

కోసి శెట్టి గారికి చూపించాను. సౌండ్ తీశాడు. పది లెక్కపెట్టాడు, ఇరవై లెక్కపెట్టాడు. "ముసలామె చెనిక్కాయలు ఒలుస్తాంది. దేవుడు యాడుండాడప్పా? ఆయిల్ మిల్లు ప్రకటన మాదిరి ఉండాది" అన్నాడు.

పరీక్ష ప్రకారం ఆయన అన్నది నిజం. నేను ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పి ఓడిపోయి ఉంటే ఈ రాత ఇంకో రకంగా ఉండేది. చెప్పనే లేదు.

కల్లూరులో రేణుక అని ఇంటర్ చదివే అమ్మాయి ఉండేది. మా జానపదాలు రెండింటిలో వేసింది. చక్కని మొహం, చెప్పినట్టు చేసేది. ఆమెకు తెల్ల ఓణీ వేసి, కాలువ గట్టు మీద ఆ పది గజాల పచ్చదనంలో నడిపించి, సువార్తమ్మ గొంతుకు పెదవులు కలిపించాం. కళ్ళకు గ్లిసరిన్ పెట్టాం. రేణుక ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం ఉంటుంది. గ్లిసరిన్ అదేమీ చూడలేదు, నీళ్ళు బాగా వచ్చాయి. సౌండ్ తీస్తే శెట్టి గారు నాలుగు అంకెలకే ఆగి, "ఇదీ" అన్నాడు.

చిన్నకొట్టాల సంఘంలో టీవీ పెట్టి వేశాం. ముందు వరసలో, కొత్త చీర కట్టుకుని సువార్తమ్మ కూర్చుంది. మొదటి షాట్లో రేణుక వచ్చింది. ఆఖరి షాట్ దాకా రేణుకే ఉంది. పాట అయ్యాక జనం చప్పట్లు కొట్టారు. సువార్తమ్మ కూడా కొట్టింది.

"బాగుండాది నాయనా. ఆ పాప ఎవురు?"

"సీడీ కోసం పెట్టినామమ్మా. కల్లూరు పాప."

"మరి నేను యాడ వస్తాను?"

"గొంతు నీదే కదమ్మా."

"గొంతు కనపడదు గదా" అంది. నిష్ఠూరంగా కాదు, తెలియనివాడికి చెప్పినట్టు.

ఆ అక్క పాట

ఆ వీసీడీ అమ్ముడుపోయినంతగా మా కొట్లో మరేదీ పోలేదు. అట్ట మీద రేణుక మొహం వేశాం. దొంగ కాపీలు చేసినవాళ్ళు కూడా నిజాయితీగా అదే మొహం వేశారు. గానం చేసినవారి పేరు వెనక వైపు ఒక మూల ఉంది, కళ్ళజోడు ఉన్నవాళ్ళకు కనిపించేది.

ఏడాది తిరక్కుండానే సువార్తమ్మ ఒకరోజు బస్సెక్కి వచ్చి మా మిద్దె ఎక్కింది. పక్క ఊరి పండగకు పోయి ఆ పాట పాడిందట. పాడినాక పిల్లలు చుట్టూ చేరి, "అవ్వా, ఆ అక్క పాట నీగ్గూడా వస్తాదా?" అని అడిగారట.

"ఏం చెప్పినావమ్మా?"

"వస్తాదంటిని. ఇంకేం చెప్పల్ల?"

కోపంగా చెప్పలేదు. కోపపడి ఉంటే నాకు సులభంగా ఉండేది. మంచినీళ్ళు తాగి, ఊరి బస్సు టైము అడిగి, దిగిపోయింది. ఆమె పోయాక నేను ఆ వీడియో పెట్టి చూశాను. ఈసారి సౌండ్ ఉంచి తెర ఆపేశాను. ఇన్నేళ్ళ పనిలో అట్లా ఎప్పుడూ వినలేదు. ఆ గొంతులో కాలువ గట్టు లేదు, తెల్ల ఓణీ లేదు. ఎండలో చేసిన కూలి ఉంది. నేను కట్టిన బొమ్మ ఆ పాటది కాదని అప్పుడు తెలిసింది. అంత ఆలస్యంగా తెలిసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

తర్వాత కొన్ని నెలలకు కడప నుంచి ఫోను వచ్చింది. అక్కడ పెద్ద సభలు పెడుతున్నారు, ఆ పాట పాడే పాపను పంపమన్నారు. రేణుకను అడిగాను. "నాకు పాట రాదు సార్. ఆ పెద్దామెను పంపండి. నన్ను పాడమని ఇప్పటికే నలుగురు అడిగినారు, సిగ్గుతో చస్తాండా" అంది. మా అందరిలో బుద్ధిగా మాట్లాడింది ఆ అమ్మాయే. కడప వాళ్ళకు ఉన్న సంగతి చెప్పాను. అవతలి పెద్దమనిషి నమ్మినట్టు లేదు. "సరే, పాప దొరక్కపోతే ఆమెనే పిల్చుకొని రాండి" అన్నాడు.

కడపలో

నేనే వెంటబెట్టుకుని పోయాను. పొద్దుటి ఆరాధన. పెద్ద పందిరి, కొన్ని వందల మంది. వేదిక మీద, ఫోను చేసిన పెద్దమనిషే, "మీ అందరికీ తెలిసిన పాట, ఇప్పుడు ఈ తల్లి పాడుతుంది" అన్నాడు. ఎవరి పాటో చెప్పలేదు, ఆమె పేరూ చెప్పలేదు. నేను పందిరి గుంజ పక్కన నిలబడ్డాను.

సువార్తమ్మ పల్లవి ఎత్తుకుంది. రెండో మాటకే పందిరంతా అందుకుంది. సీడీ పుణ్యమా అని అందరికీ కంఠతా వచ్చు. మొదటి చరణం ఆమెతో పాటు పాడారు. రెండో చరణం ఆమెకన్నా ముందు పాడారు. రెండో చరణం కాగానే, పాట అయిపోయిందని చేతులు దించుకుని ఆగిపోయారు. ఆమె ఆగలేదు.

"చిన్నకొట్టాల నా ఊరు, చెనిక్కాయ నా కూలి,
సువార్త నా పేరు, సోకు లేదు నా గొంతుకు,
పేరు పెట్టి పిలిస్తివి, పలికితిని దేవా."

ఒక్క గొంతు కూడా కలవలేదు. ఎవరికీ తెలియదు. అది నేను కోసేసిన చరణం.

మన దిక్కున తత్వాలు కట్టినవాళ్ళూ భజన పాటలు కట్టినవాళ్ళూ ఆఖరి చరణంలో తమ పేరూ ఊరూ పెట్టుకుంటారు. చదువు లేనివాళ్ళకు అదే సంతకం. అది నాకు తెలియనిదేమీ కాదు, చిన్నప్పటినుంచీ విన్నదే. అయినా వీడియోకు పల్లవీ రెండు చరణాలే లెక్క. మూడోది ఉంచితే తెల్ల ఓణీ వేసుకున్న రేణుక నోట చెనిక్కాయ కూలి అని రావాలి, బొమ్మ కుదరదు. కోశాను. మీకు చెప్పకుండా దాటేసిన మాట కూడా ఒకటుంది. చిన్నకొట్టాలలో టీవీ పెట్టి చూపించిన రోజు ఆమె నన్ను, "ఆఖరిది యాడ పోయింది నాయనా?" అని అడిగింది. "టైము చాలలేదమ్మా" అన్నాను.

పందిట్లో చరణం అయిపోయింది. జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. వేదిక మీద పెద్దమనిషి మైకు కోసం చెయ్యి చాచాడు. సువార్తమ్మ ఇవ్వలేదు. "ఇది మీకు రాదు. నేర్చుకోండి" అంది. ఒక్కో వరస తను పాడి, వాళ్ళ చేత పాడించింది. మొదటిసారి ముందు వరసల వాళ్ళే గొణిగారు. "ఇంగోసారి" అంది. రెండోసారి సగం పందిరి పాడింది. "ఇంగోసారి."

మూడోసారికి వెనక చాపల మీది వాళ్ళు కూడా అందుకున్నారు. కొన్ని వందల గొంతులు ఆమె ఊరు చెప్పాయి, ఆమె కూలి చెప్పాయి, ఆమె పేరు చెప్పాయి. గుంజ పక్కన నిలబడి నేను కూడా పాడాను. అడుగడుగునా తప్పాను, ఆ చరణాన్ని కోసేటప్పుడు నేను పూర్తిగా విని కూడా ఉండలేదు.